కుమురం భీం నేలకొరిగాక ఆ అడవిలోకి వెళ్లారు.. గోండు గూడెంలోనే కాపురం పెట్టారు! ఎవరీ హైమన్‌డార్ఫ్?

ప్రతి ఏటా జనవరి 11 వచ్చిందంటే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయి అనే చిన్న ఊళ్లో సందడి కనిపిస్తుంది. అధికారులు వస్తారు. చుట్టుపక్కల గూడేల నుంచి గోండు పెద్దలు, పిల్లలు వస్తారు. అందరూ వెళ్లేది రెండు సమాధుల దగ్గరికే. అక్కడ ఆదివాసీ సంప్రదాయం ప్రకారం నివాళులు అర్పిస్తారు. విశేషం ఏంటంటే.. ఆ సమాధులు గోండులవి కావు. ఒకటి ఆస్ట్రియాలో పుట్టిన ప్రొఫెసర్‌ది, ఇంకోటి ఆయన భార్య అయిన బ్రిటిష్ మహిళది.

ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆమె బెట్టి ఎలిజబెత్. ఆదిలాబాద్ వైపు వెళ్తే వీళ్ల పేర్లు తెలియని ఊరు తక్కువ. అదే హైదరాబాద్‌లో అడిగితే? ఛత్రినాక గల్లీల్లో ఎవరినైనా ఆపి అడగండి.. కుమురం భీం పేరు చెప్తారు, రామ్‌జీ గోండు పేరు కూడా కొందరు చెప్తారు. హైమన్‌డార్ఫ్ అంటే మాత్రం ఎవరబ్బా అంటారు. నిజానికి ఆయన ఉద్యోగం చేసింది ఈ హైదరాబాద్ సర్కార్‌కే. పాఠాలు చెప్పింది ఇక్కడి ఉస్మానియా యూనివర్సిటీలోనే.

ఓ సర్కారు తన పోలీసుల చేత ఆదివాసీలను కాల్పించింది. అదే సర్కారు జీతం తీసుకుంటూ ఓ విదేశీ పండితుడు ఆదివాసీల తరఫున రిపోర్టులు రాశారు. వాటిలో తప్పంతా సర్కారుదే అని తేల్చారు. ఆ రిపోర్టుల వల్ల వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చాయి. వినడానికి సినిమా కథలా ఉంది కదా. కానీ జరిగింది ఇదే.

వియన్నా కుర్రాడు ఇటెలా వచ్చాడు?

హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న వియన్నాలో పుట్టారు. కులీన కుటుంబం. చిన్నప్పుడే రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలు చదివి ఇండియా మీద ఇష్టం పెంచుకున్నారు. వియన్నా యూనివర్సిటీలో ఆంత్రొపాలజీ చదివారు. ఆంత్రొపాలజీ అంటే మానవ శాస్త్రం. సింపుల్‌గా చెప్పాలంటే మనుషులు ఎలా బతుకుతారు, పెళ్లిళ్లు ఎలా చేసుకుంటారు, ఏ దేవుడిని మొక్కుతారు, భూమి ఎలా పంచుకుంటారు.. ఇవన్నీ వాళ్ల మధ్యే ఉండి తెలుసుకునే చదువు. 1931లో అస్సాం కొండల ఆదివాసీల మీద డాక్టరేట్ పూర్తి చేశారు. అప్పటికి ఆ కొండలను ఆయన కళ్లతో చూడలేదు. అంతా లైబ్రరీ పరిశోధనే.

తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్‌తో లండన్ వెళ్లారు. అక్కడ మాలినోవ్‌స్కీ అనే పెద్ద ప్రొఫెసర్ సెమినార్లలో కూర్చున్నారు. కుర్చీలో కూర్చుని ఆదివాసీల గురించి రాయడం కాదు, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లతో నెలల తరబడి ఉండాలన్నది మాలినోవ్‌స్కీ పద్ధతి. ఆ పద్ధతే హైమన్‌డార్ఫ్ జీవితాన్ని మార్చేసింది.

1936లో నాగా కొండలకు వచ్చారు. కోన్యాక్ నాగాల మధ్య ఏడాది దాకా గడిపారు. ఇక్కడో విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆ టైమ్‌లో బ్రిటిష్ అధికారులు పాంగ్షా అనే నాగా ఊరి మీదకు సైన్యంతో దండయాత్రకు వెళ్తే, హైమన్‌డార్ఫ్ కూడా వాళ్ల వెంట వెళ్లారు. బానిసల కోసం దాడులు చేస్తున్నారన్నది అధికారులు చెప్పిన కారణం. ఏదైతేనేం, ఊళ్లు తగలబెట్టిన దళం అది. ఆ రోజుల మీద 1939లో వచ్చిన ఆయన పుస్తకంలో సాహసయాత్ర హుషారు ఎక్కువ కనిపిస్తుంది. అప్పటికి ఆయన పండితుడే కానీ, ఇంకా ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆ మార్పు వచ్చింది తెలంగాణలోనే.

జేబులో జర్మన్ పాస్‌పోర్టు

1938లో లండన్‌లో ఎలిజబెత్ బర్నార్డోతో పెళ్లయింది. అందరూ బెట్టి అని పిలిచేవాళ్లు. మరుసటి ఏడాది ఇద్దరూ ఇండియాకు వచ్చారు. సరిగ్గా అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

చిక్కంతా పాస్‌పోర్టుతో వచ్చింది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో ఆస్ట్రియా వాళ్లందరి చేతికీ జర్మన్ పాస్‌పోర్టులు వచ్చాయి. అంటే బ్రిటిష్ వాళ్ల లెక్కలో హైమన్‌డార్ఫ్ శత్రు దేశస్థుడు. మామూలుగా అయితే యుద్ధం అయ్యేదాకా క్యాంపు జైల్లో పడి ఉండాలి. కానీ పరిచయాలు పనిచేశాయి. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూసే సర్ థియోడర్ టాస్కర్ లాంటి వాళ్లు అండగా నిలిచారు. హైదరాబాద్ సంస్థానం హద్దులు దాటకూడదన్న షరతు మీద వదిలేశారు.

ఒక రకంగా అది నజర్‌బందీయే. బయటికి పోవడానికి లేదు.. లోపల ఎక్కడైనా తిరగొచ్చు. ఆయన తిరిగింది అడవుల్లో. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద నల్లమల చెంచుల దగ్గరికి వెళ్లారు. బెట్టి కూడా వెంటే. గుడారాలు వేసుకుని చెంచు పెంటల పక్కనే ఉన్నారు. గడ్డలు తవ్వుకోవడం, తేనె తీయడం, విల్లంబులతో వేట.. ఇవన్నీ రాసుకున్నారు. 1941లో గోదావరి ఒడ్డున పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు.

కొండరెడ్ల దగ్గర ఆయన చూసింది ఆచారాలు మాత్రమే కాదు. కలప, వెదురు వ్యాపారులు కొంచెం అప్పు ఇచ్చి, దాని మీద తరాల తరబడి చాకిరీ చేయించుకోవడం చూశారు. అప్పు ఎంత ఉందో చదువు రాని రెడ్డికి తెలియదు. లెక్క రాసేది షావుకారే. ఎంత కొట్టినా, ఎన్ని తెప్పలు కట్టినా లెక్క తెగదు. హైమన్‌డార్ఫ్ దీన్ని పుస్తకంలో ఓ పక్కన నోట్ చేసి వదిలేయలేదు. సర్కారుకు రిపోర్టుగా పంపారు.

భీం నేలకొరిగిన చోట..

1940లో ఆదిలాబాద్ అడవుల్లో ఏం జరిగిందో తెలుగు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బాబేఝరి చుట్టుపక్కల 12 గూడేల భూమి కోసం కుమురం భీం తిరగబడ్డారు. జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల కాల్పుల్లో ఆయన, ఆయన అనుచరులు చనిపోయారు.

తిరుగుబాటును తుపాకీతో అణిచేసిన తర్వాత సర్కారుకు ఓ ప్రశ్న మిగిలింది. నెమ్మదస్తులు అనుకున్న గోండులు ఎందుకు తిరగబడ్డారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికే పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. ఇంకెవరైనా అయితే ఆసిఫాబాద్ డాక్ బంగళాలో దిగి, నలుగురు పట్వారీలను పిలిపించుకుని, పది పేజీలు రాసి పంపేవాళ్లేమో. ఈయన మాత్రం మార్లవాయిలో మకాం పెట్టారు.

మార్లవాయి పటేల్ లచ్చు ఆయనకు దోస్తు అయ్యారు. ఊళ్లో మట్టి గోడలు, గడ్డి కప్పు ఉన్న ఇంట్లో ఆ దంపతులు ఉండేవాళ్లు. గోండీ నేర్చుకున్నారు. బెట్టి ఊరి ఆడవాళ్లతో కలిసిపోయారు, జబ్బు పడ్డవాళ్లకు మందులు ఇచ్చేవారు. ఆమెను వట్టి భార్యగా చెప్తే అన్యాయం. నోట్స్ రాయడంలో, సమాచారం సేకరించడంలో ఆమెది సగం పని. ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల కష్టసుఖాలు వినగలిగేది ఆమే. పుస్తకాల అట్టల మీద ఎక్కువగా ఆయన పేరే ఉంటుంది. ఆ రోజుల్లో చాలామంది పండితుల భార్యలకు జరిగిందే ఇది.

గోండుల సగలు, అంటే నాలుగు దేవుళ్ల వాళ్లు, ఐదు దేవుళ్ల వాళ్లు, ఆరు, ఏడు.. ఈ గోత్రాల లెక్కంతా ఆయన రాశారు. పెర్సపేన్ పూజలు, కింగ్రీ వాయిస్తూ వంశ కథలు చెప్పే పర్ధాన్లు, దీపావళికి వచ్చే దండారీ, గుస్సాడీ.. అన్నీ రాశారు, ఫొటోలు తీశారు, కెమెరాతో ఫిల్మ్ కూడా తీశారు. నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని గుస్సాడీ వస్తుంటే బయటివాళ్లు వింతగా చూస్తారు. లాల్‌దర్వాజా బోనాల రోజు ఛత్రినాకలో పోతరాజు కొరడా తిప్పుతూ వస్తే మనకు వింతగా ఉంటుందా? ఉండదు. హైమన్‌డార్ఫ్ కూడా గుస్సాడీని వింతలా రాయలేదు. ఊరి వాళ్లు ఎలా చూస్తారో అలా రాశారు. ఇదే మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిందని చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పన్ను కట్టినా పట్టా లేదు!

అసలు కథ ఇక్కడుంది. గోండులు ఒకప్పుడు రాజులు. చందా కేంద్రంగా గోండు రాజ్యం ఉండేది. ఆదిలాబాద్ అడవుల్లో వాళ్ల కోటలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి వాళ్లు సొంత భూమిలో దొంగల్లా ఎలా మారారు?

నిజాం రెవెన్యూ లెక్కల్లో శివాయి జమాబందీ అని ఓ పద్ధతి ఉండేది. సర్కారు భూమిని సాగు చేసుకోవచ్చు, పన్ను కట్టాలి. కానీ భూమి మీద హక్కు ఉండదు. గోండులు ఏళ్ల తరబడి ఇలాగే దున్నుకున్నారు. పన్ను కట్టాం కదా, భూమి మనదే అనుకున్నారు. పట్టా అనే కాగితం ఒకటి ఉంటుందని, అది లేకపోతే ఏదీ మనది కాదని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఆఫీసులో నడిచేది ఉర్దూ. గూడెంలో మాట్లాడేది గోండీ. ఈ రెంటి మధ్య పట్వారీ, షావుకారు, దళారీ.

అడవి పక్కకు రైలు మార్గం వచ్చింది. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైన్ పడ్డాక బయటి నుంచి రైతులు, వ్యాపారులు దిగారు. వాళ్లకు కాగితం విలువ తెలుసు. గోండులు చదును చేసిన భూములకు వాళ్లు తహసీల్ ఆఫీసులో పట్టాలు రాయించుకున్నారు. పొద్దున్నే నాగలి పట్టుకుని వెళ్లిన గోండుకు ఇది నీ భూమి కాదు పొమ్మన్న మాట వినపడేది.

ఇంకో పక్క జంగ్లాతోళ్లు. రిజర్వ్ ఫారెస్ట్ పేరుతో గీత గీసేశారు. ఆ గీత లోపల ఊళ్లున్నాయా, చేలున్నాయా అని చూసుకోలేదు. పశువు మేసిందంటే పన్ను, కట్టె కొట్టారంటే జుర్మానా, లేదంటే లంచం. ఖాళీ చేయని గుడిసెలు తగలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. భీం తిరుగుబాటుకు మూలం ఇదేనని హైమన్‌డార్ఫ్ తేల్చి చెప్పారు. ఎవరో బయటివాళ్లు రెచ్చగొట్టారన్న వాదనను ఆయన రిపోర్టు నిలబడనివ్వలేదు. అధికారులు గోండుల మాట సకాలంలో వినుంటే జోడేఘాట్‌లో రక్తం పారేది కాదన్నదే ఆయన అభిప్రాయం.

చెంచులు, కొండరెడ్లు, గోండుల మీద రాసిన ఆ రిపోర్టులను 1945లో నిజాం రెవెన్యూ శాఖే పుస్తకంగా అచ్చు వేసింది. ఇందులో డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ పాత్ర పెద్దది. ఆయన బస్తర్‌లో పనిచేసి మారియా గోండుల మీద పుస్తకం రాసిన ఐసీఎస్ అధికారి. ఆ టైమ్‌లో హైదరాబాద్ రెవెన్యూ మంత్రి. పై కుర్చీలో ఆదివాసీల గురించి తెలిసిన మనిషి ఉండటం వల్లే ఫైల్ ముందుకు కదిలింది. లేదంటే ఎన్నో కమిటీల రిపోర్టుల్లా అల్మారాలోకి పోయేది.

రిపోర్టు తర్వాత ఏం జరిగింది?

భూమి విషయంలో జరిగిన పని మాత్రం నిజంగా పెద్దదే. ప్రత్యేక అధికారులను పెట్టి, గూడెం గూడెం తిరిగి, సాగులో ఉన్న ఆదివాసీలకు పట్టాలు రాయించారు. 1940ల చివరికి ఒక్క ఆదిలాబాద్ జిల్లాలోనే 11 వేల మందికి పైగా ఆదివాసీలకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కాయి. కాగితం లేక భూమి పోగొట్టుకున్న వాళ్లకు కాగితమే ఇచ్చారన్నమాట. అమ్రాబాద్ మీద చెంచుల కోసం విడిగా రిజర్వ్ ఏర్పాటు చేశారు.

రెండోది చదువు. 1943లో మార్లవాయిలో టీచర్ ట్రైనింగ్ సెంటర్ మొదలుపెట్టారు. అప్పటికి అక్షరం వచ్చిన గోండులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. కాస్త మరాఠీ చదవగలిగిన కొందరిని వెతికి పట్టుకుని ట్రైనింగ్ ఇచ్చారు. గోండీకి అప్పట్లో పుస్తకాలు లేవు కాబట్టి దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేయించారు. ముందు సొంత భాషలో అక్షరాలు, ఆ తర్వాత సర్కారు భాష. గోండు పిల్లలకు గోండు పంతులే చెప్పాలన్నది ప్లాన్. ఈ పనిలో సేతుమాధవరావు పగడి అనే అధికారి చాలా కష్టపడ్డారు. తర్వాతి కాలంలో శివాజీ చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న ఆయన గోండీ నేర్చుకుని వ్యాకరణం కూడా రాశారు.

ఆ సెంటర్ నుంచి టీచర్లు మాత్రమే రాలేదు. పట్వారీలు వచ్చారు, గుమాస్తాలు వచ్చారు, ఫారెస్ట్ గార్డులు వచ్చారు. ఏ కుర్చీల వల్ల గోండులు నష్టపోయారో ఆ కుర్చీల్లోనే గోండులను కూర్చోబెట్టారు. కొద్ది ఏళ్లలోనే పదుల సంఖ్యలో గూడేల్లో బడులు నడిచాయి. వరంగల్ వైపు కోయల కోసం కూడా ఇలాంటి స్కీమ్ తెచ్చారు.

మూడోది చట్టం. 1946లో, అంటే 1356 ఫస్లీలో, హైదరాబాద్ ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ వచ్చింది. 1949లో దాని కింద రూల్స్ వచ్చాయి. నోటిఫై చేసిన ఆదివాసీ ప్రాంతాల్లో చిన్న చిన్న తగాదాలు ఆదివాసీ పంచాయతీలే తీర్చుకోవచ్చు. ఆదివాసీ భూమిని బయటివాళ్లు కొట్టేయకుండా అడ్డుకట్ట పడింది. వడ్డీ వ్యాపారుల మీద పట్టు బిగిసింది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో జరిగే దర్బార్ కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. మెస్రం వంశీయుల జాతరకు వేల మంది ఒకచోట చేరతారు. అధికారులు అక్కడికే వెళ్లి సమస్యలు వింటే సరిపోతుంది కదా అన్నది హైమన్‌డార్ఫ్ ఆలోచన. ఆఫీసుకు రాలేని వాళ్ల దగ్గరికి ఆఫీసే వెళ్లాలన్నమాట.

1944-45లో కొంతకాలం ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతానికి ప్రత్యేక అధికారిగా వెళ్లి, అపతానీల మధ్య పనిచేసి వచ్చారు. తిరిగొచ్చాక నిజాం ప్రభుత్వానికి ఆదివాసీ, వెనుకబడిన వర్గాల సలహాదారు అయ్యారు. ఉస్మానియాలో ఆంత్రొపాలజీ ప్రొఫెసర్ పోస్టు కూడా ఇచ్చారు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి నిజాం పాలన ముగిసింది. 1949లో ఆయన హైదరాబాద్ వదిలి లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో చేరారు.

మరి విమర్శలు లేవా?

ఉన్నాయి. గట్టివే ఉన్నాయి.

మొదటిది.. తిరుగుబాటు చల్లారడానికి సర్కారు వేసిన మందే ఈ సంస్కరణలన్నీ అనేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. భీం, ఆయన తోటివాళ్లు ప్రాణాలివ్వకపోతే నిజాం సర్కారుకు గోండులు గుర్తొచ్చేవాళ్లు కాదు. పట్టాల క్రెడిట్ అంతా తెల్లదొరకు ఇచ్చేస్తే జోడేఘాట్‌కు అన్యాయం చేసినట్టే. ముందు పోరాటం, ఆ తర్వాతే రిపోర్టు. అయితే పోరాటాలు జరిగిన ప్రతి చోటా పట్టాలు రాలేదన్నది కూడా అంతే నిజం.

రెండోది.. ఆయన పోరాటకారుల వెంట నడిచిన మనిషి కాదు. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న రోజుల్లో ఆయన సర్కారు సలహాదారు. మంచి అధికారి, మంచి చట్టం ఉంటే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం ఆయనది. ఆ నమ్మకం ఎంత బలహీనమైందో తర్వాత ఆయనే చూడాల్సి వచ్చింది.

మూడోది పాత గొడవే. ఆదివాసీలను విడిగా ఉంచి కాపాడాలా? లేక అందరిలో కలిపేయాలా? వెరియర్ ఎల్విన్ కాపాడాలనే వైపు ఉంటే, బొంబాయి ప్రొఫెసర్ ఘుర్యే కలవాలనే వైపు. హైమన్‌డార్ఫ్, ఎల్విన్ దోస్తులు. వీళ్లకు ఆదివాసీలు మ్యూజియం బొమ్మల్లా ఉండాలని కోరిక అన్న ఎత్తిపొడుపు అప్పట్లో బాగా వినిపించింది. బడి పెట్టి, పట్వారీ ట్రైనింగ్ ఇచ్చిన మనిషికి ఈ మాట అతకదు. కలవడానికి ముందు కాళ్ల కింద భూమి ఉండాలన్నదే ఆయన వాదన. భూమి పోయాక కలిస్తే కూలీగానే కలుస్తారు.

పాతికేళ్ల తర్వాత చూస్తే..

లండన్ వెళ్లాక ఆయన పేరు నేపాల్‌తో ముడిపడింది. 1953లో నేపాల్ తలుపులు తెరిచిన కొత్తలోనే అక్కడ పనిచేసిన మొదటి విదేశీ పరిశోధకుల్లో ఆయన ఒకరు. షెర్పాల మీద 1964లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ చదువుతారు. రాయల్ ఆంత్రొపలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షుడిగా చేశారు. ఆ కథ పెద్దది, మనకు ఇక్కడ అక్కర్లేదు.

1976లో రిటైరయ్యారు. అరవై ఏడేళ్ల వయసు. హాయిగా లండన్‌లో కూర్చోవచ్చు. అలా చేయలేదు. బెట్టిని తీసుకుని మళ్లీ తెలంగాణ అడవులకు వచ్చారు. తాను చూసిన గూడేలు ఇప్పుడెలా ఉన్నాయో ఒక్కొక్కటీ తిరిగి చూడాలనుకున్నారు.

చూసింది సంతోషపెట్టేది కాదు. నిజాం కాలపు రక్షణ రూల్స్ పక్కకు పోయాయి. ఆంధ్ర ప్రాంతానికి 1959లో వచ్చిన ఏజెన్సీ భూ బదలాయింపు నిబంధనలు తెలంగాణకు 1963లో గానీ రాలేదు. వచ్చాక కూడా కాగితం మీదే ఎక్కువ. 1970లో నిబంధనలను ఇంకా కఠినం చేసినా అప్పటికే చాలా భూమి చేతులు మారింది. రోడ్లు పడ్డాయి, బయటి నుంచి జనం వచ్చారు, పత్తి వచ్చింది, అప్పు వచ్చింది. పట్టాలు తీసుకున్న తండ్రుల కొడుకులు అదే పొలంలో కూలీకి వెళ్తున్నారు. గోండీ వాచకాలు ఎప్పుడో మూలన పడ్డాయి. 1976లోనే లంబాడాలను తెలంగాణలో ఎస్టీ జాబితాలో చేర్చారు. దాని వల్ల గోండుల భూములకున్న రక్షణ ఇంకా పలచబడిందని ఆయన రాశారు. ఆ గొడవ ఇప్పటికీ ఆదిలాబాద్‌లో ఎంత సున్నితమైందో వార్తలు చూసేవాళ్లకు తెలుసు. లంబాడా పెద్దల వాదన వేరు.. వాళ్లదీ శతాబ్దాల బతుకు పోరాటమే.

అదే టైమ్‌లో ఆయన అరుణాచల్‌లో అపతానీల దగ్గరికి కూడా వెళ్లొచ్చారు. అక్కడ ఇన్నర్ లైన్ ఉంది. బయటివాళ్లు పర్మిట్ లేకుండా రాలేరు, భూమి కొనలేరు. 1940ల్లో గోండుల కంటే బయటి ప్రపంచానికి ఎంతో దూరంగా ఉన్న అపతానీల పిల్లలు చదువుకుని అధికారులయ్యారు, వ్యాపారాలు చేస్తున్నారు. వాళ్ల వరి పొలాలు వాళ్లవే. ఈ రెండు ప్రాంతాలను పక్కపక్కన పెట్టి ఆయన 1982లో ఓ పుస్తకం రాశారు. భారతదేశ ఆదివాసీల బతుకు పోరాటం మీద రాసిన పుస్తకం అది. అందులో కుర్రతనపు సాహసయాత్ర హుషారు లేదు. పేర్లు, ఊళ్లు, సర్వే నంబర్ల లాంటి వివరాలతో ఎవరి భూమి ఎలా పోయిందో చెప్పుకుంటూ పోతారు. ఒకప్పుడు నాగా కొండల్లో దండు వెంట నడిచిన మనిషేనా ఇది రాసింది అనిపిస్తుంది.

ఆ పుస్తకానికి ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్య మీద సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కే 13 మంది. ఆదివాసీలు చెప్పే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. జోడేఘాట్‌కు, ఇంద్రవెల్లికి మధ్య 41 ఏళ్లు. నిజాం పోయాడు, ప్రజాస్వామ్యం వచ్చింది, ఎన్నికలు వచ్చాయి. గొడవ మాత్రం అదే భూమి మీద.

మార్లవాయి మట్టిలో..

వయసు మీద పడినా ఆ దంపతులు ఇండియాకు వస్తూనే ఉన్నారు. 1987 జనవరి 11న బెట్టి హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను ఇంగ్లండ్ తీసుకెళ్లలేదు. మార్లవాయికి తీసుకెళ్లి, గోండుల మధ్యే ఖననం చేశారు. ఛత్రినాక నుంచి బండి తీస్తే 300 కిలోమీటర్లకు పైనే ఉంటుంది ఆ ఊరు. ఏటా జనవరి 11న వర్ధంతి జరపడానికి కారణం ఇదే. అంటే ఆ తేదీ నిజానికి బెట్టిది.

హైమన్‌డార్ఫ్ తన జీవిత కథను 1990లో పుస్తకంగా తెచ్చారు. 1995 జూన్ 11న లండన్‌లో చనిపోయారు. తర్వాత ఆయన అస్థికలు కూడా మార్లవాయి చేరాయి. బెట్టి పక్కనే ఆయనకూ సమాధి కట్టారు.

ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు, చేతిరాత డైరీలు లండన్‌లో ఆయన పనిచేసిన కాలేజీ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఫొటోలు చాలావరకు ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. 1940ల నాటి గోండు పెళ్లిళ్లు, చెంచు పెంటలు, కొండరెడ్ల తెప్పలు.. ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. వాటిలో ఉన్న మనుషుల మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు జైనూర్, ఉట్నూర్ చుట్టుపక్కల ఉన్నారు.

కేస్లాపూర్ దర్బార్ కూడా పుష్య మాసంలో నాగోబా జాతర సమయంలో జరుగుతూనే ఉంది. కలెక్టర్లు, మంత్రులు వేదిక మీద కూర్చుంటారు. కింద లైన్‌లో నిలబడ్డ వాళ్ల చేతుల్లో అర్జీలుంటాయి. రోడ్లు, నీళ్లు, టీచర్ పోస్టులు.. వాటితో పాటు పోడు భూముల పట్టాలు.